వెన్నెముక దెబ్బతిన్నవాని యింట జరుగవలసిన పని

తాటిచెట్టునుండి జారిపడిన గీతపనివాడు, గట్టుమీద తిరగబడిన ట్రాక్టరు క్రింద చిక్కిన రైతు, పూడిక తీయుటకు దిగి బావిలో పడిన కూలివాడు; కీసర చుట్టుపట్ల గ్రామములలో నిట్టి వార్త విననివారుండరు. చనిపోయినవాని యింటికి ఊరంతయు వచ్చును. బ్రతికి, నడుము క్రిందిభాగము చచ్చుబడి, ఆసుపత్రినుండి తిరిగివచ్చినవాని భారము మాత్రము ఆ యింటివారికే విడిచిపెట్టబడును. ఈ నెల మేము వ్రాయబూనినది వారి కొఱకే.

మొదట ఆపద జరిగిన చోటి మాట. పడినవానిని లేపి కూర్చుండబెట్టరాదు. చంకలును కాళ్లును పట్టి మోయరాదు. విరిగిన పూస కదలి, అంతవరకు చెడని నరముల త్రాటిని నలిపివేయవచ్చును. 108 బండి వచ్చువరకు కదలింపకుండుటయే మేలు. కదల్పక తప్పనిచో తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు నలుగురైదుగురు కలసి గట్టి బల్లమీదికి జరుపవలెను.

గాంధీ ఆసుపత్రిలో నైనను, పంజాగుట్ట నిమ్సులో నైనను శస్త్రచికిత్స చేసి, కడ్డీలు, మరలు బిగించి పూసను నిలబెట్టుదురు. అది యెముకకు చేయు పని. తెగిన నరముల త్రాడు దానివలన అతుకదు. కొందరికి కొన్ని నెలలలో కొంత చలనము వచ్చును, కొందరికి రాదు. ఈ సంగతి తెలియక, ఆపరేషను అయినది గనుక నేడో రేపో లేచి నడచునని యింటివారు ఎదురుచూతురు. నడువకపోగా భూమి యమ్మి పసరుకట్లవెంట, నూనె మర్దనములవెంట తిరుగుదురు. డబ్బు పోవుట యొక నష్టము. ఆ నెలలలో జరుగవలసిన అసలు పని జరుగకపోవుట అంతకంటె పెద్దనష్టము.

ఆ పని యేదో 1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు చూపెను. అంతకు మున్ను వెన్నెముక విరిగిన సైనికులలో పెక్కుమంది పడకపుండ్లు చీముపట్టియు, మూత్రదోషము మూత్రపిండముల కెక్కియు మరణించుచుండిరి. ఆయన రాత్రింబవళ్లు రెండేసి గంటల కొకమారు రోగి ప్రక్క మార్పించెను, మూత్రము శుభ్రముగా తీయించెను, రోగిని పనిలోను ఆటలోను పెట్టెను. 1948లో ఆ ఆసుపత్రి ఆవరణమున చక్రపుకుర్చీలవారికి పెట్టిన విలువిద్య పోటీయే నేటి పారాలింపిక్సునకు మూలము. ఇందులో గొప్ప యంత్రమేదియు లేదు. మన యిండ్లలోను చేయదగినదే.

మనము నిద్రలో సైతము తెలియకయే ఒత్తిగిల్లుదుము. స్పర్శ లేనివాడట్లు చేయలేడు. అందువలన పిరుదుల నడిమి యెముక, తుంటి, మడమలు ఒరసిన చోట చర్మము చచ్చును. ప్రతి యుదయము ఆ చోట్లు చూడవలెను. నల్లని యొంటిమీద ఎరుపు కనబడకపోవచ్చును. చేతికి వేడిగా, గట్టిగా తగులుటయు గుర్తే. అట్టిచోట మరల బరువు మోపనీయరాదు. కుర్చీలో నున్నప్పుడు పావుగంటకో అరగంటకో చేతులూని పైకి లేచుట రోగియే నేర్చుకొనవలెను. చలికాలమున కాళ్లవద్ద కుంపటి పెట్టరాదు. కాలినను వానికి తెలియదు.

మూత్రము గొట్టముతో నాలుగు నుండి ఆరు గంటల కొకసారి తీయుట ఆసుపత్రిలో నేర్పుదురు. చేతులు సబ్బుతో కడుగకుండ ముట్టరాదు. పని తగ్గునని కొందరు నీళ్లు మాన్పించుదురు; ఇది ముప్పు తెచ్చును. వైద్యులు చెప్పిన కొలత త్రాగింపవలసినదే. రొమ్ము పైభాగముననో మెడలోనో దెబ్బతగిలినవానికి హఠాత్తుగా తలపోటు, ముఖమున చెమట కలిగినచో వెంటనే కూర్చుండబెట్టి, మూత్రము నిలిచినదేమో చూచి తీసివేయవలెను. తగ్గనిచో ఆసుపత్రికి చేర్పవలెను.

ఇంతయు చేయునది యెవరు? చాల యిండ్లలో భార్య యొక్కతెయే. పగలు కూలికి పోయి, రాత్రి రెండేసి గంటలకు లేచుట మనుష్యమాత్రులకు సాగదు. ఆమె పడిపోయిననాడు రోగియు పడిపోవును. తమ్ముడు పడుకొనబోవునపుడొకసారి, తల్లి నడిరేయి నొకసారి, ఎదిగిన కొడుకు తెల్లవారుజామున నొకసారి ప్రక్క మార్చునట్లు వంతులు వేసి గోడమీద వ్రాసికొనవలెను. మగవాండ్రిది తమ పనికాదనుట మాకు సమ్మతము గాదు. చూడవచ్చువారు ‘అయ్యో పాపము’ అని కూర్చుండుటకంటె ఆ యింటి మడి ఒకపూట దున్నిపెట్టుట మేలు.

ప్రేమచే జరుగు తప్పొకటి కలదు: అన్నియు తామే చేసిపెట్టుట. అన్నము తినిపించుట, చొక్కా తొడుగుట, తుదకు వాని మాట కూడ తామే చెప్పుట. మన చిత్తూరు ప్రాంతమువారు వైద్యమునకు వెళ్లు వేలూరులో, మేరీ వర్గీస్ అను వైద్యురాలు 1954లో మోటారు ప్రమాదమున నడుము క్రింద చచ్చుబడి, పిమ్మట కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. 1966లో అచ్చట ఇట్టివారి కొఱకు పునరావాస కేంద్రము వెలయుటకు ఆమెయే కారకురాలు. మన రైతు పాల లెక్క, ఎరువుల పద్దు, మోటారు కట్టు వేళలు చూచుకొనలేడా? అందుకు ముందు గడప తొలగవలెను. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవున వాలుబాట వేసినచో కుర్చీ తానుగా దొరలించుకొనును. మరుగుదొడ్డి తలుపు కుర్చీ పట్టునంత వెడల్పుండవలెను.

ఇక డబ్బు. 2018లో వచ్చిన రైతుబీమా మరణమునకే యేర్పడినది. చచ్చుబడిన కాళ్లకు దానివలన పైసా రాదు. వికలాంగుల పింఛను 2023లో 4016 రూపాయలకు పెంపబడినది. దానికి ముందు వైకల్య ధ్రువపత్రము కావలెను. పంట ఋణపు గడువు మీరకముందే సంఘ కార్యదర్శితో చెప్పుకొనవలెను. మీరిన తరువాత చెప్పిన, సంఘము చేయగలిగినది తక్కువ. ఇంకను దెబ్బతగులనివారి కొక మాట. 2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమా 18 మొదలు 70 యేండ్లవారికి వర్తించును. ప్రమాదమున రెండు కాళ్లును శాశ్వతముగా పనికిరాకుండ పోయినచో రెండు లక్షల రూపాయలు వచ్చును. 2022 నుండి దాని రుసుము ఏటికి 20 రూపాయలు. బ్యాంకులో సంతకము చేసి, మే నెల ముగియులోపల ఆ 20 రూపాయలు ఖాతాలో నుంచవలెను.