పాపికొండల విహారం: నదియే దారి, జాగ్రత్తయే రక్ష

కూనవరం వద్ద శబరిని తనలో కలుపుకొన్న గోదావరి, తూర్పు కనుమలను చీల్చుకొని పోలవరం వైపు సాగుతుంది. ఇరువైపుల కొండలు దగ్గరగా జరిగి నదిని బంధించినట్లు కనిపించే ఇరుకు లోయయే పాపికొండలు. తలలోని పాపిట వలె నది కొండలను రెండుగా విడదీయుటచే ఈ పేరు వచ్చినదని స్థానికులు చెబుతారు. లోయ నడుమకు చేరుటకు నదియే దారి. ఈ ప్రాంతపు అందానికి, ప్రయాణంలో వహించవలసిన జాగ్రత్తకు కూడా ఈ ఏకాంతమే కారణం.

జాతీయ ఉద్యానవనం

1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ఏర్పడిన ఈ అడవి 2008లో జాతీయ ఉద్యానవనంగా గుర్తింపు పొందినది. విస్తీర్ణం 1,012.86 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, అడవిదున్న, ఎలుగుబంటి, కణుజు, దుప్పి ఇక్కడి జంతు సంపద. బండల సందులలో నివసించే బంగారు బల్లి అరుదైన జీవి. పడవ పైనుండి వన్యమృగాలు కనిపించుట మాత్రం అరుదు. కొండలు, నది, అడవియే ఈ యాత్రలో చూడదగినవి.

కొండరెడ్లు, కోయలు ఈ లోయ వాసులు. పోడు వ్యవసాయం, వెదురు అల్లికలు, చింతపండు, అడ్డాకుల సేకరణ వారి జీవనాధారాలు. పేరంటాలపల్లిలోని ఆశ్రమం, శివాలయం వద్ద ఆగే యాత్రికులకు వారు వెదురు వస్తువులు విక్రయిస్తారు. వాటిని కొనుట వారి జీవనోపాధికి నేరుగా తోడ్పడుట అవుతుంది.

మారిన ప్రయాణ మార్గం

ఒకప్పుడు రాజమండ్రి, పట్టిసీమల నుండి లాంచీలు బయలుదేరేవి. 1973 నాటి ‘అందాల రాముడు’ చిత్రం ఆ గోదావరి ప్రయాణాన్నే ఇతివృత్తంగా గ్రహించినది. పోలవరం నిర్మాణంతో నదీమార్గం తెగిపోయినందున నేడు ఆనకట్టకు ఎగువన గండిపోచమ్మ ఆలయం వద్ద నుండి, భద్రాచలం వైపున పోచవరం నుండి పడవలు ఎక్కవలసి ఉంటుంది. వరదలలో గండిపోచమ్మ ఆలయమే నీట మునుగుతుంది. కాఫర్ డ్యామ్ వెనుక నీరు నిలిచి 2021లో దేవీపట్నం మండల గ్రామాలు ముంపునకు గురయినవి. పడవ పైనుండి కనిపించే ఖాళీ ఊళ్లు ఒకరి ఇల్లు, వాకిలి అని గుర్తుంచుకొనుట యాత్రికుని ధర్మం.

కచ్చులూరు నేర్పిన పాఠం

2019 సెప్టెంబరు 15న వరద సమయంలో 77 మందితో వెళ్తున్న పర్యాటక పడవ కచ్చులూరు వద్ద సుడులలో మునిగిపోయినది. 26 మంది మాత్రమే బతికి బయటపడినారు. వారిని ఒడ్డుకు చేర్చినవారు తమ చిన్న పడవలతో పరుగున వచ్చిన పరిసర గిరిజనులు. తదుపరి పడవ విహారం నిలిచిపోయి, 2020 జూన్‌లో రాష్ట్రంలో 9 చోట్ల నియంత్రణ కేంద్రాలు ప్రారంభమై, 2021 నవంబరులో విహారం తిరిగి మొదలైనది.

భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి. 2022 జూలైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటినది. ఎగువన కురిసిన వాన ఇక్కడి ఆకాశంలో కనిపించదు. ఎండ కాయుచున్న రోజున కూడ నది పొంగవచ్చును. కావున పడవలు నిలిపివేసినపుడు పట్టుబట్టరాదు. లైఫ్ జాకెట్ ఎక్కినది మొదలు దిగేవరకు ధరించవలెను. అందరూ ఒకేవైపునకు చేరి ఫోటోలు తీయరాదు. అనుమతి పొందని పడవ ఎక్కరాదు. ప్లాస్టిక్ నదిలో వేయరాదు.

పాత్రికేయులు, అధికారులు పాపికొండల సౌందర్యాన్ని ప్రచారం చేయునపుడు, ఆనాటి నీటిమట్టాన్ని, పడవల రాకపోకల సమాచారాన్ని కూడ తప్పక జోడించవలెను. కార్తీక మాసపు రద్దీలో ఒక అదనపు వాక్యం ఒక కుటుంబాన్ని కాపాడగలదు.