రాయి పుట్టిన కథ... బళ్లారి కొండల్లో

శిలలు మూడు రకాలని బడిలో చదువుకుంటాం. పరీక్ష రాసేసి మర్చిపోతాం. ఆ మూడు రకాలనూ కళ్లకు చూపించే నేల మన పక్కనే ఉంది. తెలుగూ కన్నడమూ కలగలిసి వినిపించే బళ్లారి సరిహద్దు అది.

గుంతకల్లు నుంచి బళ్లారి వైపు రైల్లో వెళ్తుంటే చాలాసేపు నల్లరేగడి పొలాలే కనిపిస్తాయి. ఆ చదునులోంచి ఉన్నట్టుండి గుండ్ల కొండలు లేస్తాయి. బళ్లారి కోట ఉన్నది అలాంటి కొండమీదే. అక్కణ్నుంచి సండూరు దారి పడితే మట్టి ఎర్రబారుతుంది. చెట్ల ఆకులమీద కూడా ఎర్రటి దుమ్మే. ఒక్క జిల్లాలో ఇన్ని రంగులు ఎలా వచ్చాయో తెలుసుకుంటే భూగర్భశాస్త్రంలో తొలి పాఠాలు వచ్చేసినట్టే.

ఈ పాఠం మనదీ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్లారి మైసూరులో కలిసింది. పొలిమేరకు ఇరువైపులా ఉన్నది మాత్రం ఒకే పురాతన శిలా పీఠం.

ఖనిజం వేరు, శిల వేరు

కొండ దగ్గర కొత్తగా పగిలిన గ్రానైట్ ముక్క ఒకటి తీసుకుని ఎండలో తిప్పి చూడండి. గాజు పెంకులా మెరిసే బూడిదరంగు గింజలు పలుగువి. తెల్లగానో గులాబీగానో ఉండి, చదునైన ముఖాలతో తళుక్కుమనేవి ఫెల్డ్‌స్పార్. నల్లటి రేకులు మైకా, అంటే మన కాకిబంగారం జాతివి. గోటితో గీరితే పొరలుగా ఊడతాయి. ఈ మూడూ ఖనిజాలు. అవి కలిసి పెనవేసుకున్న ముద్ద శిల.

ఖనిజమంటే ప్రకృతిలో తనంత తానే ఏర్పడిన ఘనపదార్థం. దానికి ఒక నిర్దిష్టమైన రసాయన కూర్పు ఉంటుంది, లోపల పరమాణువులు ఒక వరసలో అమరి ఉంటాయి. పలుగులో ఉన్నవి సిలికాన్, ఆక్సిజన్ మాత్రమే. ఆ అమరిక గట్టిది కాబట్టి పలుగు గాజును గీస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన కాఠిన్య కొలమానంలో పలుగుది 7, వజ్రానిది 10.

గ్రానైట్ పుట్టింది భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున. కరిగిన శిలాద్రవం పైకి రాలేక అక్కడే ఆగి, లక్షల ఏళ్లపాటు నెమ్మదిగా చల్లారింది. పాకం నిదానంగా చల్లారితేనే పటికబెల్లం పలుకులు పెద్దవిగా కడతాయి. గ్రానైట్‌లో గింజలు కంటికి ఆనేంత పెరగడానికీ కారణం అదే. ఇవి అగ్నిశిలలు. హంపీ గుండ్లు క్లోజ్‌పేట గ్రానైట్‌కు చెందినవి. రామనగరకున్న పాత పేరే ఆ శిలకు పెట్టారు. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు.

పైనున్న పొరలు కొట్టుకుపోయాక గ్రానైట్ బయటపడింది. పగుళ్లలోకి నీరు దిగింది. ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్నయింది. అంచులు అరిగి బండలు గుండ్లయ్యాయి. లొంగని పలుగు గింజలు వాగుల్లో, నదుల్లో ఇసుకై పేరుకున్నాయి.

మోగే రాళ్లు

బళ్లారికి దగ్గర్లోని కుప్పగల్లు కొండలో గ్రానైట్‌ను చీల్చుకుంటూ ఒక నల్లరాతి కట్ట సాగుతుంది. గ్రానైట్ గట్టిపడ్డాక వచ్చిన పగుళ్లలోకి శిలాద్రవం ఎగదన్ని, త్వరగా చల్లారిపోయింది. అందుకే ఈ డోలరైట్‌లో గింజ చాలా సన్నం, రాయి బిగువు. కొన్ని గుండ్లను రాతితో కొడితే ఖంగుమని మోగుతాయి. వాటిమీద పదేపదే కొట్టగా పడిన గుంటలున్నాయి, చుట్టూ ఎద్దుల బొమ్మలున్నాయి.

పక్కనే సంగనకల్లులో నాలుగైదు వేల ఏళ్లనాటి నవీన శిలాయుగపు జనం ఈ డోలరైట్‌తోనే గొడ్డళ్లు చేసుకున్నారు. ఏ రాయి పదును నిలుపుతుందో వాళ్లకు చేతులతో తెలుసు. ఈ జిల్లాను కాలినడకన, గుర్రంమీద సర్వే చేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1895లో బళ్లారి భూగర్భంపై పెద్ద గ్రంథం వెలువరించారు. రాతినీ, రాతితో బతికిన మనిషినీ కలిపి చూసిన శాస్త్రవేత్త ఆయన.

సముద్రం అడుగున ఇనుము

సండూరు కొండలది వేరే పుట్టుక. దాదాపు 270 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది. ఆ నీటిలో కరిగి ఉన్న ఇనుము ఆక్సీకరణ చెంది అడుగుకు దిగింది. ఒక పొర ఇనుము, ఒక పొర సిలికా, మళ్లీ ఇనుము. ఇలా నీటి అడుగున పేరుకున్నవి అవక్షేప శిలలు. ఆ తర్వాత భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ పొరలు మడతలు పడి, కొత్త ఖనిజాలు కట్టి రూపం మార్చుకున్నాయి. ఇవి రూపాంతర శిలలు. తర్వాత నీరు దిగి సిలికాను కడిగేసిన చోట ఇనుము శాతం పెరిగి గని తవ్వదగ్గ ఖనిజం తయారైంది. అదే హెమటైట్. శుద్ధమైన హెమటైట్ బరువులో 70 శాతం ఇనుమే.

దాన్ని గుర్తుపట్టడం తేలిక. నల్లగా, ఉక్కులా మెరిసే ముక్కయినా సరే, గరుకైన టైలు వెనకవైపు గీయండి. గీత ఎర్రగా పడుతుంది. సండూరు దారి ఎరుపంతా ఆ గీతలో ఉంది.

ఇటువైపు అనంతపురం జిల్లా వజ్రకరూరులో మరో అద్భుతం. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట 150 కిలోమీటర్లకు పైబడిన లోతునుంచి ఎగదన్నిన కింబర్లైట్ శిలాద్రవం వజ్రాలను మోసుకొచ్చింది. వానలు పడగానే జనం చేలల్లో వెతుకుతున్నవి అవే. పెన్సిల్‌లోని గ్రాఫైటూ వజ్రమూ ఒకే కార్బన్. పరమాణువుల అమరికే తేడా.

రాయికి మళ్లీ పుట్టుక లేదు

సండూరు దగ్గరి దోణిమలైలో గనుల సంస్థ ఎన్‌ఎండీసీ 1977 నుంచి ఇనుము తవ్వుతోంది. ఉక్కు లేకుండా వంతెన లేదు, నాగలి లేదు. తవ్వకాన్ని కాదనలేం. కానీ నరికిన అడవిని మళ్లీ పెంచగలం, తవ్విన హెమటైట్‌ను పెంచలేం. దాన్ని కట్టిన ఆ సముద్రం ఇప్పుడు లేదు. విచ్చలవిడి తవ్వకాలు శ్రుతిమించడంతో 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో మైనింగ్ ఆపేయమంది. తర్వాత హద్దులు పెట్టి అనుమతించింది. కుప్పగల్లు మోగే రాళ్లకూ కంకర క్వారీల ముప్పు వచ్చిపడింది. ఎద్దుల బొమ్మలున్న రాయి కంకరైతే అది కోట్ల ఏళ్ల నష్టం, వేల ఏళ్ల నష్టం కూడా.

విలువ తెలియనిది నిలుపుకోలేం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం, బళ్లారి బళ్లలో శిలల పాఠం వచ్చిన రోజున పిల్లల్ని ఊరి కొండ దగ్గరికి తీసుకెళ్లాలి. చేతికి ఒక భూతద్దం, ఒక టైలు ముక్క ఇస్తే చాలు. పలుగును, ఫెల్డ్‌స్పార్‌ను, హెమటైట్‌ను తానే పోల్చుకున్న పిల్ల రేపు తన ఊరి గని లీజు గురించి గ్రామసభలో సరైన ప్రశ్న అడుగుతుంది.