రక్తములో చక్కెర తగ్గునపుడు మందులు చేయు పని

మధుమేహమునందు రక్తములో చక్కెర హెచ్చునని యందఱు నెఱుగుదురు. ఆ రోగమునకు వాడు మందులవలననే యొక్కొకప్పుడు చక్కెర మితిమీఱి తగ్గిపోవుననియు, ఆ తగ్గుట కొలది నిమిషములలోనే మనుష్యుని కూలద్రోయగలదనియు నెఱిగినవారు కొందఱే. మన పాఠశాలలలోను ఇండ్లలోను ఈ మందులు వాడువారు కలరు గనుక దీనిని వ్రాయుచున్నాము.

మెదడు దేహపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను విశ్రాంతివేళ దేహము ఖర్చుచేయు శక్తిలో నూటికి సుమారు 20 పాళ్లు దానికే చెల్లును. కండరములు క్రొవ్వును గూడ వాడుకొనగలవు గాని మెదడునకు ముఖ్యాహారము గ్లూకోజు అను చక్కెరయే. దానిని నిలువచేసికొనుటకు మెదడులో తగిన చోటును లేదు. 100 మిల్లీలీటర్ల రక్తమునందు చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు జాఱినపుడు దేహము ఎడ్రినలిన్ అను రసమును విడిచి, నరములను మేలుకొలుపును. చేతులు వణకుట, గుండె దడదడ కొట్టుకొనుట, చెమట పట్టుట దాని హెచ్చరికలు. 54కు దిగువకు దిగినచో మెదడే తడబడును. మాట తొట్రుపడును, చూపు మసకబాఱును, అకారణముగా కోపము వచ్చును. ఇంకను తగ్గిన మూర్ఛ కలుగును.

1921లో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు కనుగొనిన ఇన్సులిన్ లెక్కకుమించిన ప్రాణములను నిలిపినది. అయినను సూదివేసికొని భోజనము మానినయెడల అదియే చక్కెరను మిక్కిలి తగ్గించును. గ్లిబెన్‌క్లమైడు మాత్ర, కడుపులో అన్నము లేకున్నను, క్లోమముచేత ఇన్సులిన్‌ను విడిపించును. కావున ఇట్టి మందులు వాడువారు ఉపవాసదినములకు ముందే వైద్యుని యాలోచన గైకొనవలెను.

కొన్ని మందులు హెచ్చరికనే కప్పిపుచ్చును. రక్తపుపోటునకును గుండెజబ్బునకును ఇచ్చు ప్రొప్రనొలాల్ ఎడ్రినలిన్ పనిని అడ్డగించును గనుక వణకును దడయు కనబడకపోవచ్చును. చెమటను మాత్రము అది ఆపదు. ఈ మందు వాడు మధుమేహులు ఆ గుఱుతును కనిపెట్టవలెను గాని తమంతట తాము మందు మానరాదు. సారాయి మఱియొక విధముగా కీడుచేయును. కాలేయము క్రొత్తగా చక్కెరను తయారుచేయు పనికి అది అడ్డుపడును. పైగా చూచువారు రోగిని త్రాగి పడియున్నాడని విడిచిపోవుదురు.

స్మృతియున్న రోగికి 15 గ్రాముల చక్కెర, అనగా మూడు నాలుగు చిన్నచెంచాలు, నీటిలో కలిపి యిచ్చి, 15 నిమిషములాగి, తేరుకొననిచో మరల నీయవలెను. పిమ్మట భోజనము పెట్టవలెను. అకార్బోస్ అను మందు వాడువారికి వంటింటి చక్కెర త్వరగా జీర్ణము కాదు. వారికి గ్లూకోజుపొడియే యీయవలెను. స్మృతి తప్పినవాని నోటిలో ఏమియు పోయరాదు. ప్రక్కకు పరుండబెట్టి, వెంటనే వైద్యసహాయమును పిలువవలెను. గ్లూకగాన్ అను మందు దగ్గఱనున్నచో, దానిని వాడనేర్చినవారు ఇచ్చిన కాలేయము తన నిలువ చక్కెరను విడుచును.

తలిదండ్రులారా, మీ బిడ్డ ఇన్సులిన్ వాడుచున్నచో ఉపాధ్యాయులకు తప్పక తెలుపుడు. అట్టి బాలుడు తరగతిలో ఉన్నట్టుండి చిరచిరలాడినను, అడిగినదానికి బదులీయక తెల్లబోయి చూచినను, అది అవిధేయతయని దండింపక మొదట చక్కెరనీళ్లు త్రాగించుట మా విధి. ప్రక్కన కూర్చుండు విద్యార్థులారా, మీ స్నేహితుని ఒంటరిగా బయటికి పంపక మాకు తెలియజేయుడు.