'చేయొద్దు'కీ 'చేయొచ్చు'కీ మధ్య

రాజ్యాంగం ప్రభుత్వానికి కొన్ని పనులు 'చేయొద్దు' అంది, కొన్ని 'చేయొచ్చు' అంది. రెండూ ఒకటే అనుకుంటే మోసపోతాం.

అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసింది. ప్రభుత్వోద్యోగాల్లో కులాన్ని బట్టి వివక్ష కూడదంది 16(2). ఇవి ఆజ్ఞలు. మీరితే కోర్టులో నిలదీయొచ్చు. లోక్‌సభ, అసెంబ్లీల్లో దళితులకు సీట్లు కేటాయించి తీరాలని 330, 332 అధికరణాలు శాసించాయి.

మరి ఉద్యోగాల్లో రిజర్వేషన్? తగినంత ప్రాతినిధ్యం లేని వెనుకబడిన వర్గాలకు, దళితులతో సహా, పోస్టులు కేటాయిస్తే అడ్డులేదని మాత్రమే 16(4) అంటుంది. అంటే అనుమతి. ఇచ్చి తీరాలని ప్రభుత్వాన్ని ఆదేశించలేమని 2020లో ఉత్తరాఖండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ప్రభుత్వమే రూలు రాశాక మాత్రం సంగతి వేరు. మన సర్వీసు నిబంధనల్లో 22వ రూలు ఆ అనుమతికి రోస్టరు రూపమిచ్చింది. రోస్టరు పాయింటు దాటేస్తే రూలు ఉల్లంఘించినట్టే. నోటిఫికేషన్ రాగానే మనం ముందు అడగాల్సింది రోస్టరే.