మోకాలికి కాపడం మంచిదే, మొద్దుబారిన పాదానికి కాదు

చలికాలం వచ్చిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో చాలా ఇళ్ళలో పొద్దున్నే వావిలాకు నీళ్ళు కాగుతుంటాయి. నాట్లు వేసి వంగిన నడుములు, మిరపతోటల్లో అరిగిన మోకాళ్ళు, బొగ్గుగనుల్లో పనిచేసి దిగిపోయిన కార్మికుల కీళ్ళు తెల్లవారుజామున పట్టేసి ఓ పట్టాన లేవనివ్వవు. వేయించిన ఉప్పు మూట, ఇసుక మూట, ఆముదం రాసి వెచ్చజేసిన జిల్లేడాకు... ఎవరింటి వైద్యం వారిది.

ఇది ఉత్త నమ్మకం కాదు. వేడి తగిలిన చోట సన్నని రక్తనాళాలు విప్పారి నెత్తురు ఎక్కువగా పారుతుంది, బిగిసిన కండ సడలుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. ఆ వెంటనే మోకాలిని పదిసార్లు చాచి ముడవాలి, నాలుగడుగులు వేయాలి. కాపడం పెట్టించుకుని మళ్ళీ మంచమెక్కితే సగం ఫలితం పోయినట్టే.

ముప్పంతా పాదాల దగ్గరే ఉంది. షుగరు ముదిరినవారికి అరికాళ్ళు మొద్దుబారి వేడి తెలియదు. "ఇంకిన్ని వేడినీళ్ళు పొయ్యి బిడ్డా" అంటూనే ఉంటారు. బొబ్బలెక్కినా గమనించరు. ఆ పుండు మానక, చీముపట్టి, చివరకు వేలో పాదమో తీసేయవలసి రావచ్చు. నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గేవారికి కాలి రక్తనాళాలు పూడుకుపోయి ఉండవచ్చు. వేడెక్కిన కండ ఎక్కువ నెత్తురు కోరుతుంది, పూడిన నాళం అందించలేదు. అలాంటి కాలికి కాపడం కీడే చేస్తుంది. ఎర్రగా వాచిన కీలుకు, కొత్త దెబ్బకు కూడా వద్దు. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే కాపడం మాట మరచి దవాఖానాకు వెళ్ళాలి.

చర్మం కాలడానికి మరిగే నీళ్ళే అక్కరలేదు. 60 డిగ్రీల వేడికి సుమారు ఐదు సెకన్లు, 44 డిగ్రీలకు ఆరు గంటలు పడుతుందని అమెరికాలో 1947లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. వేడినీళ్ళ సంచి పక్కలో పెట్టుకుని నిద్రపోరాదనేది అందుకే.

పాదం మొద్దుబారిందో లేదో ఇంట్లోనే చూడవచ్చు. ఇంగ్లాండులోని ఇప్స్‌విచ్ వైద్యుల పద్ధతి ఇది. పెద్దాయనను కళ్ళు మూసుకోమని, రెండు పాదాలలోనూ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒక్క క్షణం మెల్లగా తాకాలి. నొక్కరాదు, గోకరాదు. ఆరింటిలో రెండు తెలియలేదంటే ఆ పాదాలకు కాపడం మానిపించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. మిగిలినవారికైనా నీళ్ళ వేడిని ముందు ఇంట్లో షుగరు లేనివారు మోచేతితో చూసి ఇవ్వాలి.