పంపు సరే, రెండో నెల సంగతేంటి?

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లకు ఇన్సులిన్ పంపు ఇప్పించమని ఎవరైనా తల్లిదండ్రులు సంఘం దగ్గరికి వస్తే, అర్జీ రాయడానికి ముందు మనకు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఎందుకంటే అర్జీలో ఏం అడుగుతామన్న దాని మీద ఒక్కోసారి పిల్ల ప్రాణమే ఆధారపడి ఉంటుంది.

మన ఊళ్లలో షుగర్ అంటే పెద్దవాళ్ల జబ్బు. టైప్ 1 అలాంటిది కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. ఏడేళ్ల పిల్లకూ రావచ్చు. తల్లి తీపి పెట్టినందుకు రాదు, మాత్రలతోనో పసరుతోనో పోదు. ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం, తింటున్నా చిక్కిపోవడం దీని గుర్తులు. కూలికి పోయే ఇళ్లలో ఎండదెబ్బ అనుకునో, కడుపులో పురుగులనుకునో రోజులు గడిచిపోతాయి. వాంతులు, ఆయాసం మొదలయ్యాక గానీ పెద్దాసుపత్రికి చేరరు. అప్పటికే రక్తంలో ఆమ్లాలు పేరుకుని కీటోయాసిడోసిస్ వచ్చి ఉంటుంది. ఇన్సులిన్ అందకపోతే ఈ పిల్లలు బతకరు.

ఇన్సులిన్‌ను 1921లో టొరంటోలో కనిపెట్టారు. 1923లో బాంటింగ్, బెస్ట్, కాలిప్ దాని పేటెంట్ హక్కును తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. మందు అందరికీ అందాలన్నదే వాళ్ల ఉద్దేశం. వందేళ్లు దాటినా నెలాఖరుకు సీసా అడుగంటితే డోసు తగ్గించి సర్దుకునే ఇళ్లు మన పేటల్లో ఉన్నాయి.

సూదులతో అయితే రోజుకు నాలుగు ఇంజక్షన్లు, ఏడాదికి 1,460. పంపు చేసే పని వేరు. సెల్‌ఫోన్ కన్నా చిన్న యంత్రం నడుముకు ఉంటుంది. సన్నని గొట్టం చివరనున్న మెత్తని కాన్యులా చర్మం కింద ఉంటుంది. రాత్రీ పగలూ కొద్దికొద్దిగా ఇన్సులిన్ వెళ్తుంటుంది. అన్నానికి ముందు బటన్ నొక్కి, తినబోయే దానికి సరిపడా డోసు ఇచ్చుకోవాలి. సెన్సర్‌తో కలిసి పనిచేసే కొత్త పంపులు షుగర్ పడిపోయేలా ఉంటే తామే ఇన్సులిన్ ఆపుతాయి. నిద్రలో షుగర్ పడిపోతుందేమోనని పిల్ల పక్కన మేలుకుని కూర్చునే తల్లికి అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. పంపులో వాడేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా ఒంట్లో నిలిచే ఇన్సులిన్ వెనకాల ఉండదు. గొట్టం మడతపడినా, బ్యాటరీ అయిపోయినా, కాన్యులా ఊడినా కొన్ని గంటల్లోనే కీటోయాసిడోసిస్ రావచ్చు. కాన్యులా, గొట్టం రెండు మూడు రోజులకోసారి మార్చాలి, అంటే నెలకు కనీసం పది సెట్లు. రిజర్వాయర్లు, సెన్సర్లు, స్ట్రిప్‌లు వేరే. యంత్రం ఖరీదు లక్షల్లో ఉంటే, దాన్ని నడిపే నెల ఖర్చు వేలల్లో ఉంటుంది. దాత ఎవరో పంపు ఇచ్చి ఫొటో దిగి వెళ్లాక రెండో నెల సెట్లు ఎవరు కొంటారు? ఒకే సెట్టును వారం రోజులు ఉంచితే చర్మం దగ్గర చీము పడుతుంది, ఇన్సులిన్ సరిగా ఎక్కదు. అందుకే పంపు ఉన్న ఇంట్లో కూడా సూదులు, దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ తప్పకుండా ఉండాలి.

పంపుకు ఎవరు తగినవారని చూసే పద్ధతి గురించీ మాట్లాడుకోవాలి. రోజుకు నాలుగుసార్లయినా షుగర్ చూసుకుంటున్నారా, తిండిలోని పిండిపదార్థాన్ని లెక్కగట్టగలరా, ఖర్చు భరించగలరా అని చూస్తారు. రెండోది నేర్పితే వస్తుంది, బడికి పోని తల్లికైనా గిన్నె కొలతతో నేర్పవచ్చు. మూడోది వైద్యానికి సంబంధించిన ప్రశ్నే కాదు. ఇక మొదటిది: స్ట్రిప్‌లు కొనలేని పిల్ల పుస్తకంలో రీడింగులు ఎక్కడి నుంచి వస్తాయి? ఖాళీ పేజీలు చూసి ‘శ్రద్ధ లేదు’ అనేస్తారు. మెరిట్ పేరుతో మనం ఎన్నోసార్లు విన్న మాటే ఇది.

చట్టాల్లోనూ ఈ పిల్లలకు చోటు దొరకలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అందులో ఉన్నాయి, టైప్ 1 లేదు. ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్లకే వర్తిస్తుంది. పిల్ల స్పృహ తప్పి చేరితే డబ్బు వస్తుంది, తప్పకుండా కాపాడే స్ట్రిప్‌కు రాదు. కేరళ ‘మిఠాయి’ పథకం పిల్లలకు ఇన్సులిన్‌తో పాటు, అవసరమైన కొందరికి పంపులు కూడా ఇస్తోంది. బ్రిటన్‌లో 2023 డిసెంబరులో సెన్సర్‌తో కలిసిన పంపును ప్రజారోగ్య సేవ ద్వారా ఇవ్వాలని సిఫారసు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఆ నిధుల్లోంచి దళిత, ఆదివాసీ పిల్లల ఇన్సులిన్‌కు, స్ట్రిప్‌లకు, సెట్లకు నెలనెలా కేటాయింపు అడగడానికి మనకు ఆధారం ఉంది.

హాస్టళ్ల విషయం వేరుగా అడగాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వార్డెన్ గదిలో ఫ్రిజ్ ఉండి, తాళం వార్డెన్‌తో ఊరికి పోతే అది ఉన్నా లేనట్టే. అన్నం గంట ఆలస్యమైతే, డోసు వేసుకున్న పిల్లకు షుగర్ పడిపోతుంది. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకు లేఖ రాసింది. తరగతిలో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి, మధ్యలో తినడానికి అనుమతించాలని, ఒంటికి ఉన్న పంపును, సెన్సర్‌ను పరీక్ష హాల్లో తీయించకూడదని అందులో ఉంది. పిల్లను హాస్టల్లో చేర్చేరోజే ఆ లేఖ నకలు ప్రిన్సిపాల్‌కు ఇచ్చి రశీదు తీసుకోండి. కలెక్టర్‌కు పెట్టే అర్జీలో మొదట ఇన్సులిన్, స్ట్రిప్‌లు రాయండి. తర్వాత పంపు, దాని పక్కనే నెలకు పది సెట్లు, ఎన్నేళ్ల పాటు ఇవ్వాలో కూడా రాయండి.