దవడ స్కాన్‌లో గుర్తులు రెండుసార్లు ఎందుకు?

ఎత్తు పళ్ళతో, దవడ వంకరతో ఉన్న బిడ్డలను మా దంత విభాగానికి తీసుకొచ్చే తల్లిదండ్రులు తరచు అడుగుతుంటారు: "డాక్టరుగారూ, స్కాన్ తీశారు కదా, మళ్ళీ ఇంకో డాక్టరుగారు కూడా చూడాలంటారేమిటి?" న్యాయమైన ప్రశ్నే.

స్కాన్ యంత్రం ఇచ్చేది బొమ్మ మాత్రమే. దవడ ఎంత పక్కకు జరిగిందో కొలవాలంటే ఆ బొమ్మలో ఎముకపై కొన్ని చోట్ల చుక్కలు పెట్టాలి. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హాఫ్‌రాత్ తల ఎక్స్‌రేను ఎప్పుడూ ఒకే తీరున తీసే పద్ధతి చూపినప్పటి నుండి దంతవైద్యులు ఈ పని చేస్తున్నారు. ఆ ఫిల్ములో కుడి, ఎడమ దవడలు ఒకదానిపై ఒకటి పడేవి. 1990ల చివరలో వచ్చిన కోన్ బీమ్ సి.టి.తో ఆ చిక్కు తీరింది. కానీ ఇప్పుడు ప్రతి చుక్కనూ ముందు నుండి, పక్క నుండి, పై నుండి సరిచూసి పెట్టాలి.

కొన్ని చోట్లు సులువు. ముందుపంటి అంచు స్పష్టంగా కనబడుతుంది. ముక్కు మొదట్లో ఎముకలు కలిసే అతుకూ అంతే. చెవి కింద దవడ తిరిగే మూల అలా కాదు. మీరే వేలు పెట్టి చూడండి, అది మూల కాదు, వంపు. ఒక డాక్టరు పెట్టిన చోటే మరొకరు పెట్టరు. నిన్న తాను పెట్టిన చోటే ఈరోజు అదే డాక్టరు పెట్టకపోవచ్చు! చెవి రంధ్రం పై అంచుతోనూ ఇదే ఇబ్బంది. స్పష్టమైన చోట ఈ తేడా మిల్లీమీటరు లోపే ఉంటుంది. వంపుల దగ్గర 2 మిల్లీమీటర్లు కూడా దాటవచ్చు.

ఆ మాత్రానికేనా అనుకోవద్దు. 14 ఏళ్ళ అమ్మాయికి గడ్డం పక్కకు జరుగుతోందనుకోండి. ఏడాది తేడాతో తీసిన రెండు స్కాన్‌ల మధ్య 1 మిల్లీమీటరు మార్పు కనబడింది. జరిగింది దవడా, చుక్కా? పెరుగుదల ఆగకముందే ఆపరేషన్ చేస్తే దవడ మళ్ళీ వంకర తిరగవచ్చు. చుక్క తేడానే పెరుగుదల అనుకుంటే ఆ బిడ్డ అనవసరంగా ఎదురుచూడాలి. అందుకే అదే డాక్టరు కొన్ని రోజులాగి పాత గుర్తులు చూడకుండా మళ్ళీ పెడతారు. రెండోవారు విడిగా పెడతారు. కంప్యూటరే చుక్కలు పెట్టే ప్రోగ్రాములు వచ్చాయి గానీ, వాటినీ డాక్టరు సరిచూడవలసిందే.

దీనికి కొత్త స్కాన్ అక్కరలేదు, కిరణాలు మళ్ళీ తగలవు. మీరు చేయవలసిందల్లా కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు తీసి రావడం. లోహం ఉంటే బొమ్మలో చారలు పడతాయి. యంత్రం తిరిగే ఆ కొద్ది సెకన్లు గుటక కూడా మింగకండి. గర్భవతులు ముందే చెప్పాలి. వేరేచోట తీసిన పాత స్కాన్ ఉంటే కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు, సి.డి. కూడా తీసుకురండి.